ఐదో తీగ ఊడదీసిన రాత్రి

దీపం మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను... ఇది నా భుజం మీద జరిగింది. కలేమో అంటారు కొందరు. ఆ రాత్రి నేను కన్ను మూస్తే కదా కల రావడానికి!

అప్పటికింకా హైదరాబాద్ స్టేటే. మేం మంథనిలో ఉండేవాళ్లం. మా ఆయన ఓదెలు ఒక సేటు దగ్గర లారీ నడిపేవాడు. యుద్ధం నాటి పాత పెట్రోలు బండి. వడ్ల బస్తాలు పెద్దపల్లికి తోలేవాడు. ఆ వారంలోనే రహీం మిస్త్రీ దాని ఇంజను మొత్తం విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించాడు.

మా బిడ్డ లక్ష్మికి అప్పుడు ఏడాది దాటింది. వచ్చిన జ్వరం ఎంతకీ తగ్గలేదు. ఆ సాయంత్రానికి గొంతు మూసుకుపోసాగింది. ఊపిరి తీస్తుంటే గర్ర్... గర్ర్... రంపం కోసినట్టు. వైద్యుడు నోరు తెరిపించి చూశాడు.

"నా చేతుల లేదవ్వా. కరీంనగర్ పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి. తెల్లారేదాక ఆగకుండ్రి."

సేటునడిగి ఆ లారీలోనే బయల్దేరాం. ఊరు దాటామో లేదో, ఇంజను కుంటడం మొదలుపెట్టింది. డబ్ డబ్ డబ్ డబ్... ఖాళీ... డబ్. బండంతా ఒకటే వణుకు.

"ఏందయ్యా గిది? మొన్ననే గదా బాగుజేసింది!"

"బాగుజేసినంకనే గిట్లైంది" అన్నాడు, పళ్లు బిగించి.

అడవి మొదలయ్యేచోట పెద్ద ఎత్తు. బండి సగం కూడా ఎక్కలేక గింజుకుంది. మెల్లగా వెనక్కి వదిలి కింద ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి, మూత లేపాడు.

"కందిలి పట్టు. దగ్గరికి తేకు, పెట్రోలుంటది."

ఒక భుజం మీద బిడ్డ. ఇంకో చేతిలో వెలిగించిన కందిలి. చుట్టూ ఏమీ లేదు... చీకటే.

"ఇండ్ల ఆరు పొయ్యిలున్నయనుకో" అన్నాడు, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. "ఒక్కోదానికి ఒక్కో తీగ మంట ఇస్తది. తీగ పీకంగనే ఇంజను ఇంకా ఎక్కువ కుంటిందా, ఆ పొయ్యి మంచిగున్నట్టు. పీకినా ఫరక్ రాలేదా... సచ్చింది అదే."

మొదటి తీగ పీకాడు. ఇంజను ఆగిపోయేంత పనైంది. మళ్లీ పెట్టాడు. రెండోది, మూడోది, నాలుగోది... అన్నింటికీ అంతే. ఐదోది పీకాడు.

ఏ తేడా లేదు.

"గిదే" అన్నాడు. ఆ తీగ కొసను ఇనుముకు దగ్గరగా పట్టాడు. నీలం మెరుపు... టిక్... టిక్... టిక్. "మంట వస్తుంది. పొయ్యే అంటుకుంట లేదు. లోపలేదో ఖరాబైంది. రోడ్డు మీదయ్యే పని గాదు." ఎత్తు వైపు చూశాడు. "బండి ఎక్కది రాజవ్వా."

తీగ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను...

ఇంజను కుంటు పోయి సాఫయింది.

డబ్ డబ్ డబ్ డబ్ డబ్ డబ్. మధ్యలో ఖాళీ లేదు. వణుకు పోయింది. నా చేతిలో కందిలి అద్దం అదరడం ఆగింది. ఆయన తీగను చూసుకున్నాడు... నన్ను చూశాడు.

అప్పుడు తెలిసింది నాకు.

నా చెవి పక్కన... గర్రుమనే చప్పుడు లేదు.

"బిడ్డ ఊపిరి తీస్తలేదు! ఇంజను బంద్ జెయ్యి! అదే... ఊపిరి అదే గుంజుకుంటుంది!" అని అరిచాను. ఆ మాట నా నోట ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"బంద్ జేస్తే మళ్ల లేవదే! ఎక్కు!" నన్ను లోపలికి తోశాడు. రాళ్లు తన్నేశాడు. ఐదో తీగ వేలాడుతూనే ఉంది.

బండి ఎత్తెక్కింది... నూనె రాసినట్టు. అంత నున్నగా నడిచిన ఇంజను చప్పుడు నేను మళ్లీ ఎన్నడూ వినలేదు. బిడ్డ ఒళ్లు వెచ్చగానే ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ముక్కు కింద వేలు పెట్టాను... ఏమీ తగల్లేదు. వీపు తట్టాను. నోట్లోకి ఊదాను. "లచ్చిమీ... బిడ్డా... జర ఊపిరి తియ్యే..." కింద ఇంజను మాత్రం హాయిగా కొట్టుకుంటోంది.

ఎత్తు చివరికొచ్చాం. బిడ్డ ఒక్కసారి ఎగిరిపడింది. దగ్గింది. నా భుజం మీద తెల్లటి పొరలాంటిదేదో కక్కి, కెవ్వుమంది.

అదే క్షణంలో...

డబ్ డబ్ డబ్ డబ్... ఖాళీ... డబ్.

అక్కడి నుంచి దారి పల్లమే. కుంటుకుంటూ కరీంనగర్ చేరాం. గొంతులో పొర ఊడిపోవడం వల్లే పిల్ల దక్కిందన్నాడు డాక్టరు. సూదులేశారు. బతికింది.

రహీం మిస్త్రీ ఇంజను మళ్లీ విప్పాడు. "ఐదోదాని వాల్వు వంకరవోయింది ఓదెలన్నా. మూతే పడుత లేదు. ఇగ మంటెట్ల నిలుస్తది? ఒక్క దెబ్బ గూడ కొట్టది గిది. పరేషాన్ల మీకట్ల ఇనవడ్డది" అన్నాడు. అంతేనేమో.

చాలా ఏళ్ల తర్వాత, లక్ష్మి పెళ్లయి అత్తారింటికి పోయిన రాత్రి, మా ఆయన్ని అడిగాను. "గంతసేపు ఊపిరి లేకుంట పసిపిల్ల ఎట్లుంటదయ్యా?"

"గంతసేపు కాదే. భయానికి, బుగులుకు నీకట్ల అనిపించింది."

"మరి బండి?"

ఆయన తన అరచెయ్యి చాపి చూసుకున్నాడు... ఆ రాత్రి ఐదో తీగను పట్టుకున్న చెయ్యి.