అమ్మ, నాయనమ్మ, ప్రాగ్ నగరం

మొన్న మా అమ్మాయి స్కూలు నాటకానికి రెక్కలు కుట్టాలని, తెల్ల శాటిన్ గుడ్డ కోసం మేముండే క్రెయిగీబర్న్‌లోని బట్టల షాపుకు వెళ్లాను. అక్కడి మనిషి గుడ్డ తాను దొర్లించి బల్ల మీద పరిచినప్పుడు, కాస్త గంజి, కాస్త కొత్త కాగితం కలిసినట్టుండే ఆ చల్లటి వాసన ముక్కుకు తగిలింది. అంతే, బుట్ట పట్టుకుని నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లోని మా పాత ఫ్లాటుకు, నా పదో ఏటికి వెళ్లిపోయాను.

లిఫ్టు లేని ఎర్ర ఇటుకల బిల్డింగులో మాది పై అంతస్తు. మెట్లెక్కుతుంటే ప్రతి మలుపులోనూ ఒక్కో ఇంటి తాలింపు ఎదురొచ్చేది: కింద హైదరాబాదు రహమత్ ఆంటీ ఇంట్లో వేగే ఉల్లిపాయలు, మధ్యలో తమిళవాళ్ల సాంబారు, మా తలుపు ముందుకొచ్చేసరికి అమ్మ పెట్టిన చేపల పులుసు. కార్లు ఆపుకునే చోట గీతలు గీసి, టెన్నిస్ బంతిని అరచేతులతో కొట్టుకుంటూ చీకటి పడేదాకా హ్యాండ్‌బాల్ ఆడేవాళ్లం. నవంబరు వస్తే జకరాండా పూలు రాలి కార్ల అద్దాలన్నీ ఊదారంగు తిరిగేవి. తెల్ల కాకటూ చిలకలు బాల్కనీలో వాలి బట్టల క్లిప్పుల్ని పటపట విరిచి పారేస్తుంటే అమ్మ చీపురు పట్టుకుని వాటి వెంట పడేది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి రాగానే బూట్లు విప్పి, ఉప్పేసిన వేణ్ణీళ్ల టబ్బులో పాదాలు పెట్టుకుని కళ్లు మూసుకునేది. ఆ కాసేపు ఆమెను ఎవరమూ పలకరించేవాళ్లం కాదు. నాన్న ఆ ఆసుపత్రి పక్కనే ల్యాబులో పరిశోధన చేసేవారు. ఆయన ఇంటికొచ్చినా మనసు అక్కడే ఉండేది.

ఆ ఏడు క్రిస్మస్ ముందు నాయనమ్మ నరసరావుపేట దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి మొదటిసారి వచ్చింది. అంతవరకూ రాకపోవడానికి కారణం పెద్దవాళ్లు నాకు చెప్పలేదు గానీ నాకు తెలుసు. నాయనమ్మ వాళ్లు ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు; అమ్మ వాళ్లు బాప్టిస్టులు. బయటివాళ్లకు ఇద్దరూ క్రైస్తవులే. ఆ ఊళ్లలో మాత్రం వీళ్ల ‘గుడి’ వేరు, వాళ్ల ‘మందిరం’ వేరు. వీళ్లకు జపమాల, స్వరూపాలు, కొవ్వొత్తులు. వాళ్లకు బైబిలు, పాట తప్ప ఇంకేమీ ఉండకూడదు. అమ్మానాన్నల పెళ్లికి నాయనమ్మ రాలేదు. వచ్చాక కూడా అమ్మతో నేరుగా మాట్లాడేది కాదు. అమ్మ అడుగు దూరంలో నిలబడి ఉన్నా, మాట నా మీదుగా పోవాల్సిందే.

క్రిస్మస్ పిండివంటకు గులాబీ పువ్వులు వండిన రోజు నాకు బాగా గుర్తు. బయట ఎండ మండిపోతోంది, వంటింట్లో నూనె కాగుతోంది, అచ్చు నూనెలో ముంచినప్పుడల్లా చుయ్యిమని పొంగే పిండి వాసనకు నోరూరుతోంది.

“ఏమే, యాలక్కాయలు యాడ పెట్టిందో మీ అమ్మనడుగు,” అంది నాయనమ్మ.

“మమ్, వేర్ ఈజ్ ద ఎలైచీ?” అని నేను అమ్మ మొహంలోకి చూశాను.

“పై అరలో ఉన్నాయని చెప్పు,” అంది అమ్మ.

ఇంతలో పొగకు అలారం మోగింది. ఇద్దరూ చెరో తువ్వాలు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒకే అలారం కింద గాలి విసిరారు.

ఎండలు తగ్గి, పొద్దుట స్కూలుకు స్వెటరు వేసుకునే రోజులు వచ్చేసరికి నాన్న ఒక కబురు తెచ్చారు. మే నెలలో ప్రాగ్‌లో ఆయన కాన్ఫరెన్సు. శుక్రవారంతో అయిపోతుంది, ఆ తర్వాత శని ఆదివారాలు ఉండి ఊరు చూసి రావచ్చు. ఆయనతో కలిసి ఎక్కడికైనా వెళ్లాలని అమ్మ పెళ్లైనప్పటి నుంచీ చూస్తోంది. ఆమె మొహం వెలగడం నేను చూశాను. అయితే ప్రాగ్ పేరు వినగానే నాయనమ్మ లేచి లోపలికి వెళ్లి, తన సంచిలోంచి ఎర్రంగీ, కిరీటం పెట్టుకున్న బాల యేసు పటం తెచ్చి బల్ల మీద పెట్టింది. “ఈ సామి ఉండేది ఆ ఊళ్లోనేరా. మా అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది,” అంది. నాన్న పటం వంకా, తల్లి వంకా చూసి, “అయితే నువ్వూ వద్దువుగానిలేమ్మా,” అన్నారు. ఆ సాయంత్రం అమ్మ టబ్బులో నీళ్లు చల్లారిపోయినా పాదాలు తీయలేదు.

నాన్నకు ఏ పని చేసినా ఫలితం కనబడాలి. వారం తిరక్కుండానే ప్లాను తయారుచేసి భోజనాల దగ్గర చదివి వినిపించారు. పొద్దున్నే లేచి కొండెక్కి కోట, కోటలో పెద్ద చర్చి, అక్కణ్నుంచి మ్యూజియం, పాత యూదుల వీధి, గంట కొట్టినప్పుడు అపొస్తలుల బొమ్మలు కదిలే గడియారం, వంతెన, ఇంకో మ్యూజియం. అది శనివారం. ఆదివారానిది ఇంకా పెద్దది.

అమ్మ గరిటె కింద పెట్టింది. “ఏమండీ, వారమంతా వార్డులో తిరిగి అక్కడికొచ్చేది మళ్లీ తిరగడానికా? నాకు ఏ కోటా వద్దు. ఏటి ఒడ్డున బెంచీ ఒకటి చూపించండి, చాలు.”

నాయనమ్మ మోకాలు రుద్దుకుంటూ, పక్కకు తిరిగింది. నా వైపు కాదు, అమ్మ వైపు.

“చూశావా సుగుణా! కొండెక్కిస్తాడంట నన్ను! వీడికి మతి ఉందా?”

అమ్మ పేరు నాయనమ్మ నోట వినడం నాకు అదే మొదలు. అమ్మ ఒక్క క్షణం తడబడి, “లేదత్తయ్యా, చిన్నప్పటి నుంచీ ఇంతేనా?” అంది. ఇద్దరూ నవ్వారు. నాన్న ఒక్కరే నవ్వలేదు.

ఆ రోజు నుంచి ప్లాను వాళ్లిద్దరి చేతుల్లోకి వెళ్లింది. అమ్మకు సెలవున్న సాయంత్రాల్లో మరమరాలు, పల్లీలు బల్ల మీద పోసుకుని కూర్చునేవాళ్లు. నేను స్కూలు లైబ్రరీ పుస్తకంలోంచి ప్రాగ్ మ్యాపును క్యాలెండరు వెనక పెద్దదిగా గీసి, ఏటికి నీలం రంగు వేసిచ్చాను. నాయనమ్మ పల్లీ గింజల్ని ఆ మ్యాపు మీద జరుపుతూ నడిచేది. ఇక్కడ ట్రాము దిగాలి, ఇక్కడ కాఫీ, ఇక్కడ బెంచీ. వంతెన సగం దాకా చాలని అమ్మ అంటే, ఎదరొడ్డునున్న బాల యేసు గుడికి సగం వంతెనతో ఎట్టా పోతామని నాయనమ్మ గింజను అవతలికి జరిపేది. అలసిపోయిన చోట గింజ నోట్లో వేసుకునేది. రోజుకు ఒక్కటే చూడాలి, మిగతాదంతా కూర్చోవాలి అని తేల్చుకున్నారు. ఆ ఒక్కటీ ఏదని మాత్రం ఈస్టరు దాకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వారాల్లో విన్నన్ని మాటలు మా ఇంట్లో అంతకుముందెప్పుడూ వినలేదు.

ఆ స్వామికి దేశదేశాల నుంచి అంగీలు కుట్టి పంపుతారట. ఈస్టరు కాలం గనక తెలుపని, నాయనమ్మ తెల్ల శాటిన్ తెప్పించుకుని మూరెడు అంగీ కత్తిరించింది. కానీ ఆమె కళ్లకు పొర వచ్చింది. సూదిలో దారం ఎక్కక, దారం కొసను నోట్లో తడుపుతూ, మళ్లీ మళ్లీ తప్పిపోతుంటే అమ్మ టబ్బులోంచి తడి పాదాలతోనే లేచొచ్చి సూది తీసుకుంది. దారం ఎక్కించి ఇచ్చేస్తుందనుకున్నాను. అంచు మడిచి తనే కుట్టడం మొదలుపెట్టింది.

“మీలో ఇట్టాంటివి కూడదంటారుగా,” అంది నాయనమ్మ నెమ్మదిగా.

“నేను బొమ్మకు కుట్టడం లేదత్తయ్యా. మీకు కుడుతున్నా.”

నాయనమ్మ కాసేపు ఆ కుట్టునే వేలితో తడిమింది. “ఎవరికైతే ఏందిలే. సాఫుగా ఉంది,” అంది.

నాకు స్కూలుండటంతో నన్ను రహమత్ ఆంటీ దగ్గర వదిలి వెళ్లారు. ఆంటీ పెట్టే కిచిడీ, పుల్లటి ఖట్టా తింటూ, మా వాళ్లు ఈపాటికి ఏ బెంచీ మీద ఉంటారోనని మ్యాపు చూసుకునేదాన్ని. అక్కడ ఏం జరిగిందో నాకు చాలా ఏళ్ల తర్వాత, ఉతికిన బట్టలు మడతపెడుతూ అమ్మ చెప్పింది.

శనివారం నాన్నను ఎవరో ప్రొఫెసర్లు పనుందని పట్టుకుపోయారు. భాష రాని ఊళ్లో అత్తాకోడళ్లు ఇద్దరే మిగిలారు. గుళ్లో ఒక సిస్టరు అంగీ అందుకుని, కుట్టు తిరగేసి చూసి, నాయనమ్మ నుదుటికి ముద్దుపెట్టిందట. అమ్మ తలుపు దగ్గరే ఆగుదామనుకుంది గానీ, పెద్దామె చెయ్యి వదలకపోవడంతో లోపలికి వెళ్లి, ఆమె పక్కనే మోకరించింది. బయటికొచ్చేసరికి వాన. రాళ్లు పరిచిన వీధి జారుతుండటంతో ఎదుటి రొట్టెల దుకాణంలో దూరారు. దాల్చినచెక్క, చక్కెర పూసిన వేడి రొట్టె ఒకటి తీసుకుని, తుంచుకు తింటూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు.

అక్కడే నాయనమ్మ చెప్పిందట. “మీ పెళ్లినాడు పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని పొద్దున్నే తయారయ్యానమ్మా. మీ మావయ్య బయల్దేరనన్నాడు. ఆయన్ని కాదని గడప దాటలేకపోయా. పొద్దుగూకేదాకా ఆ చీరతోనే కూకున్నా.”

అమ్మ మిగిలిన రొట్టె ముక్కను ఆమె చేతిలో పెట్టిందట.

కోట చూడలేదు, గడియారమూ చూడలేదు. ఆదివారం ముగ్గురూ ఏటి ఒడ్డున బెంచీ మీద కూర్చుని హంసల్ని చూశారు. నాన్నకు బెంచీ మీదే నిద్ర పట్టిందట.

నాయనమ్మ ఊరికి వెళ్లిపోయాక ప్రతి ఆదివారం ఫోను చేసేది. నాన్న ఎత్తితే, “బాగున్నావా, సుగుణకియ్యి,” అనేది. ఆమె పోయినప్పుడు విమానం దిగి సమాధి తోటలో మోకరించిన అమ్మను చూసి, బాప్టిస్టు మనిషి జపమాల పట్టుకుందేమిటని అక్కడివాళ్లు వింతపడ్డారు.

ఈ ఏడు నేను కూడా ప్రాగ్ చూద్దామనుకుంటున్నాను. మా అమ్మాయి ఫోనులో రెండు మాటలు కొట్టి, “డన్, మమ్!” అని రెండు రోజుల ప్లాను చేతిలో పెట్టింది. బల్ల చుట్టూ ఎవరూ చేరలేదు, ఎవరూ తగవు పడలేదు. వెస్ట్‌మీడ్‌లో మా బిల్డింగు పడగొట్టి అద్దాల టవరు కట్టారు. తాలింపులన్నీ కలిసే ఆ మెట్లు లేవు. రహమత్ ఆంటీ పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. ‘యాడ’ అని అడిగే ఆ పల్నాటి గొంతు మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. నాకు వినడం వచ్చుగానీ పలకడం రాదు. మా అమ్మాయికి అదీ రాదు.

సిడ్నీకి ఫోను చేసి, “నువ్వు కూడా రా అమ్మా,” అన్నాను.

“నేనెందుకే? మీరెళ్లి రండి.”

“నీకు ఆ ఊరంటే ఇష్టం కదా?”

“ఇష్టమే,” అంది అమ్మ. “అత్తయ్య లేకుండా అక్కడ నాకేం తోస్తుందే?”