భర్త రాకముందే వచ్చిన కాగితం

దయ్యాలు, మహిమలు అంటే నవ్వేవాణ్ణి. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి కంప్యూటర్లు చూసేవాణ్ణి. వైరు ఊడితే ఆగుతుంది, పెడితే నడుస్తుంది. నాకు తెలిసిన లోకం అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. కింద రిసెప్షన్‌లో సత్యవతిగారు రోగి వివరాలు టైపు చేస్తే సర్వర్లో చేరేవి. పైన వార్డులో నర్సు కరుణమ్మగారు అదే ఫైలు తెరిచేవారు. చిక్కల్లా, కింద మార్చింది పైన పది నిమిషాల దాకా కనిపించేది కాదు. వార్డు కంప్యూటరు తను దాచుకున్న పాత కాపీనే చూపించేది. అందుకని సత్యవతిగారు ఏది మార్చినా పైకి ఫోన్ చేసి చెప్పేవారు.

ఒకరోజు పైన వెంటనే కనిపించేలా సెట్టింగు మార్చి, నాలుగుసార్లు పరీక్షించి, "ఇక ఫోన్లు అక్కర్లేదండి" అన్నాను గొప్పగా.

మర్నాడే దగ్గర్లోని కడియంలో మొక్కల నర్సరీలో పనిచేసే ఒకావిడను ఒళ్ళు తెలియని జ్వరంతో తెచ్చారు. డాక్టరుగారు పెన్సిలిన్ ఇంజెక్షన్ రాశారు. పాత చీటీల కోసం ఇంటికి వెళ్ళిన ఆమె భర్త పన్నెండుంబావుకి తిరిగొచ్చాడు. ఆమెకు పెన్సిలిన్ పడదనీ, నిరుడు ప్రాణం మీదికి వచ్చిందనీ చెప్పి చీటీ చూపించాడు. సత్యవతిగారు ఆ మాట టైపు చేశారు. నన్ను నమ్మి ఫోన్ చేయలేదు.

నా పనితనం చూసుకుందామని పైకి వెళ్ళాను. వార్డు కంప్యూటరు తెరమీద ఆ వాక్యం లేదు. కరుణమ్మగారి దగ్గరికి పరుగెత్తాను.

"ఇంజెక్షన్ ఇచ్చేశారాండీ?"

"ఎలా ఇస్తానండీ, ఇందులో వద్దని ఉంటే?" అంటూ కరుణమ్మగారు కాగితం చూపించారు.

ఆ కంప్యూటర్లోంచే తీసిన ప్రింటు. "పెన్సిలిన్ పడదు. భర్త పాత చీటీ చూపించారు." సత్యవతిగారి మాటలే. అడుగున టైము పదకొండూ ముప్ఫయ్యైదు. ఇంజెక్షన్ ఆపినట్టు రిజిస్టర్లో ఆవిడ చేత్తో రాసింది పదకొండూ నలభైకి.

అప్పటికి ఆ భర్త కడియంలోనే ఉన్నాడు.

గడియారాలన్నీ సరిచూశాను. తేడా లేదు. తెరమీదికి ఆ వాక్యం ఎప్పటిలాగే పది నిమిషాలకు వచ్చింది.

"ప్రభువు రాయించాడండి" అన్నారు కరుణమ్మగారు. నవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ భర్త నాకు కూడా దండం పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు ఆ సాయంత్రమే దొరికింది. నా లాగిన్‌లో పరీక్షించి ఊరుకున్నాను, కరుణమ్మగారి లాగిన్‌లో పాత సెట్టింగే ఉంది. ఆలస్యం ఎందుకైందో అలా తెలిసింది. ఆ ఒక్క కాగితం అంత ముందు ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.