రాంగోపాల్‌పేట్ దాణా దుకాణానికి ఒక్కదాన్నే వెళ్లొచ్చాను

సుగుణక్కా,

ముందుగా నన్ను క్షమించు. నా రాత కోడి గెలికినట్టు ఉంటుందని నీకు తెలుసు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. ఘట్‌కేసర్‌లో యాభై కోడిపిల్లల్ని తెచ్చుకున్నామనీ, మందు కలిపిన దాణా ఎక్కడ దొరుకుతుందో, ఎలా వెళ్లాలో రాయమనీ అడిగావు. దారి ఒక్కటే కావాలంటే నాలుగు వరసల్లో రాసేయొచ్చు. కానీ నేను వెళ్లొచ్చిన రోజంతా చెబితేనే నీకు పనికొస్తుంది. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది.

నువ్వు మా పక్క వాటా ఖాళీ చేసి వెళ్లాక అత్తమ్మకు మాట్లాడే మనిషి లేకుండా పోయింది. విజయనగరం పక్కన పల్లెలో పొద్దస్తమానం పొలంలో తిరిగిన మనిషి, ఏ.ఎస్. రావు నగర్‌లో రెండు గదుల మధ్య కూర్చుని గోడ గడియారం చూసేది. మా ఆయన రాత్రంతా సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్ల వ్యాను నడిపి పగలు నిద్రపోతారు. నా సంగతి నీకు తెలియనిదేముంది, పది మాటలకు ఒక మాట. అది చూసి ఆయనే ఒకరోజు ముప్పై కోడిపిల్లల్ని అట్టపెట్టెలో తెచ్చి, పక్క ఖాళీ ప్లాటులో ప్లాటాయన్ని అడిగి చిన్న కొట్టం కట్టారు. అంతే, అత్తమ్మకు మళ్లీ మాట వచ్చింది. పొద్దున్న లేచింది మొదలు వాటితోనే కబుర్లు, వాటితోనే తగువులు. నల్లమచ్చదాన్ని దొంగముండ అనీ, కుంటుకుంటూ నడిచేదాన్ని పెద్దమ్మి అనీ పిలిచేది.

మూడు వారాలు దాటాక పిల్లలు రెక్కలు వేలాడేసి, ఒళ్లు ఉబ్బించుకుని మూలల్లో నిలబడటం మొదలుపెట్టాయి. రెట్టలో రక్తం కనిపించింది. వారం తిరిగేసరికి పదకొండు పోయాయి. ఇది పేగుల్లో పట్టే జబ్బనీ, కింద పరిచిన ఊక తడిగా ఉంటే త్వరగా అంటుకుంటుందనీ, రాకుండా ఉండాలంటే మొదటి నుంచీ మందు కలిపిన దాణా పెట్టాలనీ పిల్లల్ని అమ్మినాయన ముందే చెప్పాడు. మేము పెట్టింది అదే. మా ఆయన డ్యూటీ దిగి వస్తూ రాంగోపాల్‌పేట్‌లో కొనుక్కొచ్చారు. మందు తిన్న పిల్లలు ఎందుకు పోతున్నాయో మాకు అంతు చిక్కలేదు.

అత్తమ్మకు మాత్రం అనుమానమే లేదు. "మందు నేదు, మాకు నేదు. ఒట్టి తవుడు సంచిలో కట్టీసి అమ్మీసినాడు. నానెల్తాను. ఆడి బల్ల మీద ఈ సచ్చిన పిల్లని పడీసి, ఇదేట్రా అని అడుగుతాను" అంది. అంటూనే కొట్టం గుమ్మంలో కూలబడింది. ముందు రోజు రాత్రి నుంచి ముద్ద ముట్టలేదు. మా ఆయన వెళ్తే గొడవే అవుతుంది, నిద్ర లేకుండా రాత్రి బండి నడపాలి. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు, "నేను వెళ్తాను" అన్నాను. తల్లీకొడుకులు ఇద్దరూ నన్నే చూశారు. "బస్సులో సీటు అడగడానికే సిగ్గుపడతావు, దుకాణంలో ఏం అడుగుతావే?" అన్నారాయన. అత్తమ్మ మాత్రం లేచి, డబ్బాలోంచి దోసెడు దాణా తీసి పాత చీర ముక్కలో మూట కట్టింది. "ఆడికి ఇది సూపించు. మన తప్పేటీ నేదు, బియ్యంలా సుద్దంగా ఉంచినాను."

తొమ్మిదింపావుకి స్టాపుకి వెళ్లాను. సికింద్రాబాద్ స్టేషన్ బస్సుకి ఐదు రూపాయలు, ముప్పావుగంట ప్రయాణం. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆఫీసుల వాళ్లూ, కంప్యూటర్ కోర్సుల పిల్లలూ ఊపిరాడనివ్వరు, తొమ్మిది దాటాక నిలబడటానికైనా చోటు దొరుకుతుంది. నువ్వు రైల్లో స్టేషన్‌లోనే దిగుతావు కాబట్టి నీకు ఈ బాధ లేదు. అక్కణ్నుంచి మోండా మార్కెట్ వైపుగా నడిస్తే అరగంట. నాకు దారి తెలియక ఆటో ఎక్కాను. "దాణా దుకాణానికా? ఇంకా కోళ్లు పెంచుతున్నరా అమ్మా సిటీల? మా గల్లీల అందరు కంప్యూటరే. నా కొడుకు సుత షురూ జేసిండు" అన్నాడు ఆటో ఆయన. నేను ఊరికే నవ్వాను. కాసేపాగి మళ్లీ, "ఏందమ్మా మాట్లాడవు, మీటర్ ఎక్కువ తిరుగుతదని పరేషాన్ అయితున్నవా? పది రూపాయలిస్తే సాలు, జెర నవ్వుతూ దిగు" అన్నాడు. అన్నట్టే పదే తీసుకున్నాడు.

దుకాణం గుర్తుపట్టడం కష్టం కాదు. వీధి మలుపులోనే మొక్కజొన్న పిండి, చేప పొడి కలిసిన వాసన ముక్కుకి తగులుతుంది. ముందు రెండు స్తంభాలు, లోపల కప్పు దాకా సంచులు. పదిన్నరకి చేరాను. చేరానే గానీ లోపలికి వెళ్లలేదు. స్తంభం పక్కన నిలబడి, ఒకళ్లు వెళ్లగానే వెళ్దామనుకుంటే ఇంకొకళ్లు వచ్చేవాళ్లు. బస్సులో కట్టుకున్న మాటలన్నీ మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నాను. అలా అరగంట అయ్యాక, కళ్లజోడుకి దారం కట్టుకున్న ముసలాయన, దుకాణం ఆయనదే, బల్ల వెనక నుంచి పిలిచాడు.

"ఓ అమ్మా! ఆ స్తంభం నువ్వు పట్టుకోకుంటే పడిపోతదా ఏంది? ఇట్ల రా."

వెళ్లి మూట బల్ల మీద పెట్టి, తల ఎత్తకుండా ఒక్క గుక్కలో చెప్పేశాను. మీ దగ్గర కొన్నదే, పదకొండు పిల్లలు పోయాయి, దీనిలో మందు లేదంటున్నారు. ఆయన కోప్పడలేదు. మూట విప్పి దాణాని వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత మూతి విప్పి ఉన్న సంచిలోంచి అదే దాణా గుప్పెడు తీసి, పాత పేపరు మీద రెండూ పక్కపక్కన పోశాడు. తన అరచెయ్యి నాకు చూపించాడు. పిండి రాసుకున్నట్టు తెల్లగా ఉంది.

"ఇది జూడు, నా శేతికి పొడి అంటింది. నీదాంట్ల ఒట్టి పలుకులే ఉన్నయి. పొడి ఏమైంది? దీన్ని ఏం జేసిన్రు?"

"చెరిగాం" అన్నాను.

సంచులు మోసే హమాలీ ఆగి నా వంక చూశాడు.

"చెరిగిన్రా? చేటలనా?"

"రోజూ పొద్దున్నే."

"ఓరి దేవుడా! బియ్యమా అమ్మా ఇది, పెండ్లికి వండనీకి? మందంతా ఆ పొడిలనే కలిపుంటది. మందు గాలికి వోయింది, పలుకులు పిల్లలకు వోయినయి. ఇగ బతుకుమంటే ఎట్ల బతుకుతయి? ఎవరు చెరిగింది?"

నాకు కళ్ల ముందు మా గుమ్మం కనిపించింది, అక్కా. అత్తమ్మ రోజూ తెల్లారగానే గాలి వాలు చూసుకుని చేట పట్టుకుని కూర్చునేది. ఆ తెల్లటి దుమ్మంతా లేచి మందార మొక్క మీద పడేది. "పసిగుంటలు కదే, దుమ్ము తింటే కడుపులో గడ్డ కట్టీసుద్ది" అంటూ రెండుసార్లు, మూడుసార్లు చెరిగేది. వాటి ప్రాణం కాపాడాలని ఎంత శ్రద్ధగా చెరిగిందో, అంత మందూ ఎగిరిపోయింది. ఈ మాట తీసుకెళ్లి ఆవిడకి ఎలా చెప్పను? పదకొండూ నీ చేతి వల్లే పోయాయని ఏ నోటితో అనను?

"నేనే చెరిగాను" అన్నాను.

ఆయన నన్ను చడామడా దులిపేశాడు. వయసులో ఉన్నావు, అడిగి తెలుసుకోవద్దా అన్నాడు. హమాలీ వెనక నుంచి, "కడగలేదు, నయం" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి గానీ, ఆ తిట్లు నా మీద పడుతున్నందుకు లోపల ఎక్కడో హాయిగానే ఉంది. తిట్టడం అయ్యాక నీళ్ల గ్లాసు ఇచ్చి, నెమ్మదిగా అన్నీ చెప్పాడు. "మందు దాణా జబ్బు రాకుండ పెట్టేది. వచ్చినయాటికి నీళ్లల్ల కలిపే మందు వేరే ఉంటది, పశువుల డాక్టర్‌కు జూపించి రాయించుకో. ఊక తడిస్తే తీసి పారెయ్. ఇంకోటి యాదుంచుకో. కోళ్ల మందు దాణా కోళ్లకే. పక్కింట్ల గుర్రం ఉందని, మేక ఉందని దానికి పెట్టేవు, పానం తీస్తది."

అన్నీ విని, వెళ్లబోయి ఆగాను. ఇంటికి వెళ్లాక రేపు పొద్దున్న ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఏ దాణా తీసుకెళ్లినా అది చేటలోకే వెళ్తుంది. "చెరిగినా మందు పోని దాణా ఉందా?" అని అడిగాను.

"ఏందమ్మా, ఇంత జెప్పినంక మల్ల చెరుగుతవా?"

నేను పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంట్ల పెద్దమనిషా?"

నేను బల్ల మీది మూటని మళ్లీ కట్టడం మొదలుపెట్టాను.

"మా అమ్మ సుత గట్లనే ఉండె. శక్కెర సుత చెరిగేది" అన్నాడు. తనే లేచి లోపలి సంచిలోంచి చిన్న చిన్న గుళికల్లా ఉన్న దాణా తెచ్చి నా చేతిలో పోశాడు. "మందు కలిపినంకనే మిషన్ల ఒత్తుతరు. పొడి లేదు, ఎగిరేది లేదు. ఇగ ఎంత చెరుగుతదో చెరగనీ."

పొడి దాణా కిలో తొమ్మిది రూపాయలు, గుళికలది పది. పదిహేను కిలోలు తీసుకున్నాను. హమాలీయే ఆటోలో పెట్టించాడు. బస్సులో కండక్టర్ సంచి చూసి, "ఏముందమ్మా దీంట్ల, కోళ్లకా? కోళ్లకు సుత లగేజీ టికెట్ తీస్కోవాలె" అని రెండు రూపాయల చీటీ చించాడు. ఒంటిగంటన్నరకి ఇంటికి వచ్చాను.

అత్తమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఏటన్నాడే ఆడు?"

"పాత రకం వద్దన్నాడు అత్తమ్మా. ఈ రకం పెట్టమన్నాడు. దీనిలో మందు గట్టిగా ఉంటుందట."

ఆవిడ నా మాట నమ్మలేదు. గుప్పెడు గుళికలు చేటలో పోసి, గాలివాలుకి కూర్చుని చెరిగింది. రవ్వంత దుమ్ము లేవలేదు. మళ్లీ చెరిగింది. మందార మొక్క మీద ఏమీ పడలేదు. అప్పుడు తల ఎత్తి నన్ను చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను. "సూసినావా! ఈసారి సుద్దమైన సరుకిచ్చినాడు. గట్టిగా అడిగినావన్నమాట. నోట్లో నాలిక నేదనుకున్నాను, నా కోడలు సికింద్రాబాదు దుకానపోడి చేతే మంచి సరుకు కక్కించీసింది!" సాయంత్రానికి వీధి వీధంతా ఈ కథ తెలిసిపోయింది. ఆ పూట అత్తమ్మ నాకూ వడ్డించి, తనూ కడుపునిండా తింది.

మర్నాడు మా ఆయన రెండు పిల్లల్ని గంపలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు రాసిన మందు తెచ్చారు. ఇంకో రెండు పోయాయి. పదిహేడు నిలిచాయి. పెద్దమ్మి ఇప్పటికీ కుంటుతూనే అన్నిటికంటే ముందు తిండికి వస్తోంది. తర్వాతిసారి వెళ్లినప్పుడు దుకాణం పెద్దాయనకి జరిగింది చెప్పి, మా వీధిలో మీ పేరు పాడైందని బాధపడ్డాను. "పోనియ్ అమ్మా. ముసలమ్మ తిట్టింది, నా దుకాణానికి దిష్టి పోయింది" అని నవ్వాడు.

నేను అబద్ధమాడానని తెలుసు. కానీ అక్కా, ఆ చేట సంగతి ఆలోచించు. మా ఆయన నాతో ఎన్నోసార్లు అన్నారు, పుట్టి బుద్ధెరిగాక అన్నంలో ఒక్క రాయి పంటికింద పడలేదని. నలుగురు పిల్లల్ని, కూలికి వచ్చిన వాళ్లని, చివరి రోజుల్లో మామయ్యగారిని, అందరినీ ఆవిడ ఆ చేటతోనే కాపాడుకుంది. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఒక్కసారి పొరబడింది, అదీ ప్రేమతోనే. దాన్ని పట్టుకుని తప్పు చూపించడం కంటే, చెరిగినా చెదరని దాణా వెతికి తేవడం నాకు తేలికైన పనే అనిపించింది.

నీకు చెప్పాల్సింది ఒక్కటే. రాంగోపాల్‌పేట్ వెళ్లినప్పుడు కిలోకి రూపాయి ఎక్కువైనా గుళికల దాణానే అడుగు, పొడిది ఇస్తానన్నా తీసుకోకు. త్వరగా వెళ్లు. నీ యాభై పిల్లల సంగతి విన్నప్పటి నుంచి అత్తమ్మ, సుగుణకి ఒక్కదానికి చేతకాదు, వచ్చే వారం వెళ్లి పది రోజులుండి చూసుకుంటానంటోంది. మీ బావగారు ఉత్తరాలు వాకిట్లో కూర్చుని పైకి చదువుతారు కదా, అందుకని ఇది చదవగానే పొయ్యిలో పెట్టెయ్యి, బూడిద అయ్యేదాకా అక్కడే నిలబడు. అత్తమ్మ అప్పుడే సంచి సర్దేసుకుంది. చేట పైకి కనిపిస్తోంది.

నీ చెల్లెలిలాంటిది,
రమణమ్మ