రాతిపొడి తిన్న నెలలు

పెళ్లయి బేతంచెర్ల వచ్చిన ఏడాదికి నేను కడుపుతో ఉన్నాను. మా ఇంటి వెనకే నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. రాళ్ల మీద నీళ్లు పడి తెల్లటి బురద కాలువలోకి జారేది, ఎండాక పెచ్చులుగా లేచేది. నాలుగో నెలలో ఆ వాసనకు నోట్లో నీళ్లూరడం మొదలైంది. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి వెళ్లి ఒక పెచ్చు విరిచి నాలుక మీద పెట్టుకున్నాను. చల్లగా కరిగిపోయింది. ఆ తర్వాత రోజూ తిన్నాను. సిగ్గు కంటే వింతే ఎక్కువగా అనిపించేది. డిగ్రీ చదివినదాన్ని, రాతిపొడి ఎందుకు తింటున్నాను?

ఎవరికీ చెప్పలేదు. ఆ నెల ఆసుపత్రిలో నా రక్తపరీక్ష చీటీ చూసిన నర్సమ్మ నా కింది కనురెప్ప లాగి చూసి మామూలుగా అడిగింది.

"మన్ను గానీ, పచ్చి బియ్యం గానీ తింటాండావా?"

రాతిపొడి తింటున్నానని ఒప్పుకున్నాను. కోప్పడలేదు. ఒంట్లో ఇనుము తగ్గితే కొందరికి ఇట్లాంటి కోరిక పుడుతుందని, ఎందుకో డాక్టర్లకూ పూర్తిగా తెలియదని చెప్పింది. రాయిలో సున్నం ఉంటుంది కదా, బిడ్డ ఎముకలకు మంచిదేమో అన్నాను. ఆ పొడి తిండిలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదంది. బిడ్డ బరువు తగ్గే ప్రమాదముందని, ఇనుము మాత్రలిచ్చి, వాటిని టీతో వేసుకోవద్దని చెప్పి పంపింది.

ఇంట్లో అత్త ఆ మాత్రలు తీసి అటక మీద పెట్టేసింది. వాటితో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఆమె భయం. ఆమె అక్క కాన్పులోనే పోయిందట. మరుసటి నెల అత్తను కూడా వెంట తీసుకెళ్లాను. మాత్రలతో బిడ్డ మరీ పెద్దదైపోదని, రక్తం తక్కువున్న తల్లి కాన్పులో కాస్త రక్తం పోయినా తట్టుకోలేదని నర్సమ్మ నిదానంగా చెప్పింది. నేను తిన్న పొడి సంగతీ అక్కడే బయటపడింది.

ఆటోలో ఇంటికి వస్తూ అత్త అంది:

"మా అక్క గూడా గోడ సున్నం గీరి తింటాండె. మేమంతా నవ్వుతాంటిమి."

ఆ రోజు నుంచి అన్నం తిన్న రెండు గంటలకు మాత్ర, నిమ్మకాయ నీళ్లు ఆమే తెచ్చిచ్చేది. కోరిక ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఒకసారి ఆరిన బట్టలతో ఇంట్లోకి వచ్చాక, కాలువ వైపు చూడనే లేదని గమనించాను.

పాప రెండు కిలోల ఎనిమిది వందల గ్రాముల బరువుతో పుట్టింది. ఇదంతా మాత్రల వల్లేనా అని నర్సమ్మను అడిగాను. ఒక్క బిడ్డను చూసి అట్లా చెప్పలేమంది. అన్ని మాత్రలు వేసుకున్నా బిడ్డ ఇంతేనా అని అత్తకు మాత్రం వేరే సందేహం వచ్చింది.

"ఇంగొకసారి తూకం ఎయ్యమ్మా," అంది.

నర్సమ్మ నవ్వి మళ్లీ తూచింది. అంతే ఉంది.