నీకేమైతడు?

గుడిమల్కాపూర్ పూలమార్కెట్ ముందు లారీ గుద్దిన కుర్రాణ్ణి ఒంటిచేత్తో ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. ఒంటిచేత్తో కాదులెండి, పూలమ్మే ఆవిడ ఆటోలో వేసింది, నేను తల పట్టుకున్నాను.

అక్కడ కౌంటర్లో ఉన్నాడు ఆ దౌర్భాగ్యుడు. ఇక్కడ నెత్తురు కారుతుంటే, చెవిలో పెన్నుమూత తిప్పుకుంటూ, తలైనా ఎత్తకుండా "నీకేమైతడు?" అన్నాడు. ప్రతివాణ్ణీ అదే అడుగుతాడు. చుట్టం లేనిదే స్ట్రెచర్ కదలనివ్వడు. వాడి నోట్లో పురుగులు పడ!

"మనిషైతడు! లోపలికి తీస్కపో!" అని గర్జించాను. తలుపులు తెరుచుకున్నాయి, కుర్రాడు బతికాడు.

నిన్న మార్కెట్లో ఈ ముక్క చెబుతుంటే, మల్లెలు మూర వేస్తున్న ఆ పూలావిడే అడ్డం తగిలింది.

"ఏం గర్జించినవ్ బాపూ? 'నాకేం గాడు సార్' అని ఎన్కకు జరిగినవ్. నా తమ్ముడని నేను అబద్ధమాడితేనే లోపలికి తీస్కపోయిండ్రు."