బొల్లి లేచిందని రాశాక

ఆ ఉదయమంతా పాలావిడకు కాలు ఒకచోట నిలవలేదు. దూడకు పాలు పట్టడం మధ్యలో వదిలేసి నీళ్ళ ట్యాంకు దగ్గరికి పరిగెత్తేది, ఏమీ రాయకుండానే తిరిగొచ్చేది. పాకలో సిగ్నల్ అందదు. ట్యాంకు దిమ్మె ఎక్కితేనే ఆవిడ బ్లాగుకు ప్రాణం వస్తుంది.

ఆ దిమ్మె మీద నిలబడే మామగారి చిన్ననాటి గొడవలు, చేలో కలుపు, పశువుల అలకలు రాసేది. ఏం రాసినా చివర దేవుడికో దండం పెట్టడం అలవాటు. చదివేవాళ్ళు ఎక్కువమంది లేరు గానీ ఉన్నవాళ్ళు వదలకుండా చదువుతారు.

కిందటి వారం బొల్లి ఆవు ఈని, కూలబడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి నరానికి కాల్షియం ఎక్కించాడు. ఈవిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ ప్రార్థించింది. బొల్లి కదిలింది, తంటాలు పడి నిలబడింది. అంతే! డాక్టరు "కాస్త ఆగండమ్మా" అంటున్నా వినకుండా ట్యాంకు దగ్గరికి ఉరికి, "దేవుడు విన్నాడు, మా బొల్లి లేచింది" అని పెట్టేసింది. తిరిగొచ్చేసరికి బొల్లి మళ్ళీ పడి ఉంది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

అప్పటికే మెచ్చుకోళ్ళు వచ్చిపడుతున్నాయి. రేపు సరిచేద్దామనుకుంది. ఆ రేపు ఎప్పుడొచ్చింది గనక!

ఇవాళ పొద్దున ఒక కుట్టుపనావిడ ఇలా రాసింది: "అక్కా, మా ఆయన మంచాన పడ్డారు. మీ బొల్లి సంగతి చదివి అచ్చం మీలాగే ప్రార్థిస్తున్నా. ఆయన లేవడం లేదు. నా ప్రార్థనలో లోపమేంటో చెప్పండి."

అది చదివినప్పటి నుంచి గుండెలో రాయి పడ్డట్టుంది.

"ఏదో నాలుగు మంచి మాటలు రాసి ఊరుకో," అన్నాడు భర్త, పేడ ఎత్తుతూ. "ఇప్పుడు నిజం చెబితే నవ్వులపాలవుతావు."

"నవ్వితే నవ్వనీయండి. ఆవిడ తప్పంతా తనదే అనుకుంటోందండీ!"

అత్తగారు గడ్డి కోసే కత్తి పక్కన పెట్టింది. "ఆవు చచ్చిందని దేవుడికి తెలుసు, నాకూ తెలుసు. ఇంక ఎవరి దగ్గర దాస్తావే? పో, రాసిరా. ఈలోగా దూడ సంగతి నేను చూస్తాలే."

దిమ్మె ఎక్కింది. పెద్ద మాటలేవీ రాలేదు. "అమ్మా, బొల్లి లేచి మళ్ళీ పడిపోయింది. చనిపోయింది. నేను తొందరపడి రాశాను, తర్వాత సిగ్గుపడి దాచాను. నా ప్రార్థనా నీ ప్రార్థన లాంటిదే. నీలో లోపమేమీ లేదు."

అక్కడే అటూ ఇటూ తిరిగింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది. కాసేపటికి జవాబొచ్చింది.

"అమ్మయ్య! లోపం నాదేననుకుని ఆయన్ని లే, లే అని పొద్దున్నుంచి ప్రాణం తీస్తున్నానక్కా. ఇప్పుడెళ్ళి ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చుంటా."

పాలావిడ దిమ్మె మీదే కూలబడి ఏడ్చింది. తర్వాత, ముఖమైనా తెలియని ఆ మనిషి కోసం కళ్ళు మూసుకుంది. ఇంత జరిగాక ఏమడగాలో తోచలేదు. చివరికి, ఆవిడ భర్తను లేపమనే అడిగింది.