పురుగు లేని నీళ్లకు సంతకం

నాగాయలంక దగ్గర మా ఊళ్లో, పశువులు తాగే చెరువు గట్టు మీద ఈ రోజు గొడవపడి వచ్చాను. రొయ్యల చెరువుల మురుగు అందులోకి వదులుతున్నారని నేను పెట్టిన అర్జీ వెనక్కి తీసుకోమంటూ ఎదురింటి మావయ్యగారు కాగితం తెచ్చారు. ఆయనది రొయ్యల సాగు.

"చూడమ్మా, ఒక్క పురుగైనా ఉందా? అద్దంలా ఉన్నాయి నీళ్లు. సంతకం పెట్టెయ్."

రొయ్య పిల్లల్ని వదిలే ముందు పురుగన్నది మిగలకుండా మందు కొట్టడం ఆయనకు అలవాటు. అందుకే పురుగు లేకపోతే నీళ్లు మంచివనుకుంటారు.

"నా భయమూ అదే మావయ్యా" అంటూ టీ వడగట్టే జల్లెడ నీళ్లలో ముంచాను. నిరుడు ఇక్కడే ముంచితే, రెక్కలొచ్చేదాకా నీళ్లలోనే పెరిగే తూనీగ పిల్లలు గిలగిల్లాడుతూ వచ్చాయి. నీళ్లు చెడితే ముందు మాయమయ్యేవాటిలో అవీ ఉంటాయి. ఇవాళ నల్ల బురద తప్ప ఏమీ రాలేదు.

"పురుగుల కోసం ఊరితో గొడవేంటమ్మా?"

"ఆ పురుగులు బతకని నీళ్లే మన గేదెలు తాగుతున్నాయి. తూనీగల్ని తిరిగి రానివ్వండి, అప్పుడు పెడతాను సంతకం."

కాగితం నా చేతిలో పెట్టి విసురుగా వెళ్లిపోయారు.

మీ ఊరి చెరువులోనూ ఓసారి జల్లెడ ముంచి, ఏమొచ్చిందో ఇక్కడ రాయండి. నా జల్లెడ మాత్రం ఇప్పుడు మావయ్యగారి కాగితం మీద ఆరుతోంది.